బొట్టు పెట్టిన బిళ్ళ

ఆయుధపూజ నాడు కత్తిపీటకీ కారుకీ బొట్టు పెట్టడం మనకేం కొత్త కాదు. పరిశోధనశాలలో లేజర్‌కి కూడా పెడతారు. పెట్టుకోనివ్వండి, దాని గాజు కిటికీకి అంటకపోతే చాలు. కానీ పొడిని అచ్చులో నొక్కి చేసిన, కొలిమిలో కాలాల్సిన పచ్చి బిళ్ళకి బొట్టు పెట్టిన మనిషిని ఎక్కడైనా చూశారా? విశాఖ శివార్లలో కొండవాలున ఉన్న ఒక పరిశోధనశాలలో చౌడేశ్వరి సరిగ్గా ఆ పనే చేసింది.

చౌడేశ్వరిది ధర్మవరం. హైమవతి దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. హైమవతి మంచి శాస్త్రవేత్తే గానీ నోరు మాత్రం కొంచెం పెద్దది. ఆ రోజు గదిలోకి వచ్చి, అచ్చులోంచి తీసిన పచ్చిబిళ్ళ మధ్యలో ఎర్రగా, తడితడిగా ఉన్న బొట్టు చూసి తలపట్టుకుంది.

"ఇది ల్యాబా, గుడా చౌడేశ్వరీ?"

"అన్నిటికీ పెట్టి దాన్నొక్కదాన్ని ఇడిసిపెడితే బాగుండదని పెట్టినా మేడమ్. అసలు పని చేసేది అదే కదా."

"బజారు కుంకుమేనా?"

"కాదు మేడమ్, మా అవ్వ ఇంట్లో చేసేది. పసుపు, సున్నం, పటిక, వెలిగారం, నిమ్మరసం."

బిళ్ళని పారేద్దామంటే బిస్మత్తు ఆక్సైడు పొడి అప్పటికే నిండుకుంది. మళ్ళీ తెప్పించాలంటే నెలలు పడుతుంది. పసుపు ఎలాగూ మాడిపోతుందిలే అనుకుని హైమ ఆ బిళ్ళనే కొలిమిలో పెట్టించింది. మర్నాడు దాన్ని బిందెంత ఉక్కు గదిలో బిగించి, గదిలో గాలంతా తోడేసి, చారెడు ఆక్సిజన్ వదిలి లేజర్ మీట నొక్కింది. బయటి నుంచి లేజర్ దెబ్బ మీద దెబ్బ కొట్టింది. ప్రతి దెబ్బకీ బిళ్ళ మీంచి ఊదారంగు మంట లేచి, ఎదురుగా కాగుతున్న పలక మీద పడి, పొరగా పేరుకుంది. బిళ్ళలో ఏముంటే పొరలోకి అదే వస్తుంది, ఈ పద్ధతి గొప్పతనం అదే. పొర పెరిగినకొద్దీ బిళ్ళ తరిగిపోతుంది, దీని పీడా అదే.

పలకని నీళ్ళలో ముంచితే అడుగున వేసిన పూత కరిగి, పొర ఒక్కటీ పూతరేకులా పైకి తేలింది. చౌడేశ్వరి దానికి రెండు తీగలు తగిలించి టార్చి వేసింది. మీటరు చూసి, మీటరు పాడైందనుకుని ఇంకోటి తెచ్చింది. రెండోది కూడా అదే అంకె చూపించింది. మామూలు పొర వెలుగు పడితే పిసరంత కరెంటు ఇస్తుంది. ఇది ఇచ్చింది కంటి నరాన్ని లేపడానికి సరిపోయేంత.

హైమ ఏళ్ళుగా కలలు కన్నది దీని కోసమే. వెలుగుని పట్టుకునే కణాలు ఎండిపోయిన కంట్లో, వాటి చోట ఈ పొర పరిస్తే, వెలుగు పడ్డచోట కరెంటు పుట్టి, వెనకున్న నరానికి కబురు వెళుతుంది. మొదటి పొర ఒక గుడ్డి కుందేలుకి వేశారు. అది క్యారెట్టు వైపు తల తిప్పింది. తరవాత అనుమతులూ, సంతకాలూ, నానా తిప్పలూ పడ్డాక కంటి ఆసుపత్రిలో డాక్టర్ కరుణ ముగ్గురు మనుషులకి వేసింది. ముగ్గురికీ చూపొచ్చింది. వాళ్ళలో భీమిలిలో చేపలమ్మే ఎల్లమ్మ కూడా ఉంది. కట్టు విప్పగానే అందరూ ఏడుస్తూ నిలబడితే ఆవిడ అటూ ఇటూ చూసి, "మా అల్లుడికి ఇంత బట్టతలొచ్చిందని నాకొక్కలూ చెప్పలేదేటి?" అంది.

అంతా బాగానే ఉందనుకునేసరికి నెత్తిన పిడుగు పడింది. ఇంకో బిళ్ళ కుదరలేదు. పొడి వచ్చింది, అచ్చు అదే, కొలిమి అదే, బొట్టు పెట్టే చెయ్యి కూడా అదే. పొర మాత్రం చచ్చుపొర. అవ్వ చేసిన కుంకుమ భరిణె అప్పటికే ఖాళీ అయింది, అవ్వా పోయింది. బజారులో దొరికే కుంకుమలన్నీ పెట్టి చూశారు. అవ్వ చెప్పిన పాళ్ళలో చౌడేశ్వరి స్వయంగా చేసి చూసింది. కుందేలు కంట్లోంచి తీసిన పొరని కరిగించి చూస్తే ఏమేమి ఉన్నాయో లీలగా తెలిసింది గానీ, అవి లోపల ఎలా సర్దుకున్నాయో తెలియలేదు. బిళ్ళ అంచు చెక్కి చూశారు. అక్కడ బొట్టు ఇంకనే లేదు. కిటుకంతా నడిబొడ్డున ఉంది.

అప్పటికి ఆ బిళ్ళ లేజర్ దెబ్బలు తిని తిని అప్పడంలా పలచబడింది. ఇంకొక్క పొరకి వస్తుంది. లేదంటే దాన్ని నిలువునా కోసి, అరగదీసి, లోపల ఏముందో చూడొచ్చు. ఒకటి చేస్తే రెండోది లేదు.

సంస్థ డైరెక్టరుగారిని అడిగితే, కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"బిళ్ళ మీది, నిర్ణయం కూడా మీదేనమ్మా," అని తేల్చేశాడు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆసుపత్రివాళ్ళు తరవాతి మనిషిని ఎంచడానికి చీటీలు తీశారు. ఎవరూ వేలెత్తి చూపకూడదని హైమని ఆ ఛాయలకి రానివ్వలేదు. చీటీలో వచ్చిన పేరు పైడిరాజు. అతను హైమ మొగుడు.

పైడిరాజు ప్రభుత్వ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. జిల్లా మొత్తంలో పేరున్న కబడ్డీ అంపైరు. చూపు చుట్టూ నుంచి ముడుచుకుంటూ వచ్చి ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెం మిగిలింది. కోర్టులో కూత పెడుతున్న ఆటగాడు కనిపిస్తాడు, వాడి కాలికింద గీత కనపడదు. ఒక ఫైనల్లో గీత దాటనివాణ్ణి దాటాడని ఔట్ ఇచ్చాడు. మైదానమంతా గోల చేసింది. గోల చేసినందుకు కాదు, ఆ కుర్రాడు ఏమీ అనకుండా తలొంచుకుని వెళ్ళిపోయినందుకు పైడిరాజు ఆ రోజే ఈల జేబులోంచి తీసి పక్కన పెట్టేశాడు.

అతను హైమకి మేనమామ కూడా, ఆమె తల్లికి ఆఖరి తమ్ముడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆవిడ 'మావయ్యా' అనే పిలుస్తుంది. ఆ ఇంట్లో మూడు తరాలుగా మేనరికాలే. ఆస్తి బయటికి పోకూడదని చేసుకున్నారు, రేచీకటి కూడా బయటికి పోలేదు. రక్తపరీక్షలు చేయించుకున్నాక వీళ్ళిద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. ఆ సంగతి ఎప్పుడూ ఎక్కువ మాట్లాడుకోరు. హైమ పగలూ రాత్రీ పొరలు పరుస్తూ కూర్చుంది ఎవరికోసమో కూడా ఇద్దరూ ఎప్పుడూ పైకి అనుకోలేదు.

"వేసవి దాటిందంటే లోపలి నరం కూడా ఎండిపోతుంది హైమగారూ," అని డాక్టర్ కరుణ చావుకబురు చల్లగా చెప్పింది. "ఆ తరవాత ఎంత మంచి పొర తెచ్చినా పనికిరాదు."

ఆ సాయంత్రం పైడిరాజు వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నాడు. ఆ పనికి కళ్ళతో అవసరం లేదు. హైమ వచ్చి ఎదురుగా కింద కూర్చుంది.

"మావయ్యా, ఒక మాటడగాలి."

"అడుగు. పప్పు మాడిందా అనైతే, మాడలేదు."

ఆవిడ నవ్వలేదు. బిళ్ళ సంగతి మొత్తం చెప్పింది. ఒక్క పొరే వస్తుందని, కోస్తే ఆ ఒక్కటీ రాదని చెప్పింది. అతని చేతులు ఆగిపోయాయి.

"కోస్తే దొరుకుతాదా? ఖాయమేనా?"

"ఖాయం లేదు. సగం ఆశ."

"కొయ్యకపోతే?"

"నీకు కుడికన్ను కనబడుతుంది. ఇంకెవరికీ లేదు. ఎవరో ఎప్పుడో మళ్ళీ కనిపెట్టేదాకా."

పైడిరాజు చేతిలో చిక్కుడుకాయని రెండుగా విరిచి గిన్నెలో వేశాడు.

"నాకొద్దు, లోకానికిచ్చెయ్యి అనాలి కదా ఇప్పుడు నేను. సినిమాల్లో అలాగే అంటారు," అన్నాడు. "నేననలేను హైమా. నాకు చూడాలనుంది. నీ మొహం ముక్కుదగ్గర మొదలెడితే చెవులదాకా అందటం లేదు, ముక్కలుముక్కలుగా చూసుకుని అతుక్కుంటన్నాను. రేపు ఆ ముక్కలూ ఉండవు. భయమేస్తంది. అడిగావు గనక చెప్పాను. నాకు కావాలి."

"సరే మావయ్యా," అంది హైమ. ఆ సరే ఏ సరేనో ఆవిడకే తెలియదు. లేచి పప్పు దించింది.

మర్నాడు ల్యాబులో చౌడేశ్వరి కళ్ళు వాచి ఉన్నాయి.

"నా వల్లనే కదా మేడమ్ ఇదంతా. నేను ఆ పొద్దు బొట్టు పెట్టకపోతే ఏ బాధా ల్యాకపోయె."

"పెట్టకపోతే ఎల్లమ్మకి చూపు లేదు. ఊరికే ఏడవకు. పలక శుభ్రం చెయ్యి, పొర తీద్దాం," అంది హైమ.

చౌడేశ్వరి ఆశ్చర్యంగా చూసింది. పలక తుడవడం మొదలుపెట్టింది. హైమ పట్టకారుతో బిళ్ళని తీసి ఉక్కు గదిలో బిగించింది. తలుపు మూసి పంపు వేసింది. ఆవిడకి నిజంగానే సంతోషంగా ఉంది. తన మొగుడి కోసం తను పని చేస్తే తప్పేమిటి? చీటీ న్యాయంగా తీశారు. ఊళ్ళో వాళ్ళందరి కళ్ళూ బాగుచేస్తానని ఎవరికీ కాగితం రాసివ్వలేదు. పలక కాగుతుండగా ఇలా తనలో తనే వాదించుకుంటూ ఉంటే ఫోను మోగింది. ఎల్లమ్మ చేసింది.

"అమ్మా, బాగున్నావా? మా తమ్ముడు సన్నాసి లేడూ, వాడిదీ నాలాటి జబ్బే. చీటీలో పేరు రాలేదని నిన్నట్నించీ కూడు తినట్లేదు. తరవాతైనా వస్తాదేటమ్మా?"

"ఇప్పుడే చెప్పలేనమ్మా."

"ఎప్పుడో ఒకప్పుడు వస్తాదంటే చాలు, నేను వాడికి నచ్చజెప్పుకుంటాను. ఆలీసమైనా పరవాలేదు. వస్తాదా?"

రాదమ్మా అని చెప్పాలి. ఇక ఎవరికీ రాదు, ఆఖరిది మా ఆయనకి వేస్తున్నాను అని చెప్పాలి. నిజం అదే కదా, తడుముకోవలసిన పనేముంది? చెప్పలేకపోయింది. ఆ మాట సన్నాసికి చెప్పలేని మనిషి ఆ పొరని ఎలా తీస్తుంది?

"వస్తుంది," అంది. ఫోను పెట్టేసింది.

తరవాత పంపు ఆపి గదిలోకి గాలి వదిలింది. పలక చల్లారేదాకా కుర్చీలో కూర్చుంది. మావయ్య తనని చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తీర్థంలో తిప్పిన మనిషి. ఇంజనీరింగ్ వద్దు ఫిజిక్సే చదువుతానంటే ఇంటిల్లిపాదితో పోట్లాడి చేర్పించిన మనిషి. నాకు కావాలి అని నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క వస్తువు ఇది. అన్నీ గుర్తొచ్చాయి. గుర్తొచ్చినా లేచి బిళ్ళని తీసింది.

"నేను కోస్తా మేడమ్, మీరు బయటికి పోండి," అంది చౌడేశ్వరి.

"వద్దు. ఇది నేనే చెయ్యాలి."

వజ్రపు పొడి అద్దిన సన్నతీగ రంపం కింద బిళ్ళని పెట్టి హైమ స్విచ్చి వేసింది. పెద్ద చప్పుడేమీ లేదు. దారం లాగినట్టు సన్నగా గీ మంది. మావయ్య కన్ను కోస్తున్నట్టే అనిపించింది గానీ కోత వంకర పోలేదు. బిళ్ళ రెండయింది. చౌడేశ్వరి గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది.

ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే చెప్పేసింది.

"కోసేశాను మావయ్యా."

పైడిరాజు రేడియో ఆపాడు. "నేను కావాలన్నాను కదా," అన్నాడు.

"అన్నావు."

"ఊఁ," అన్నాడు. ఆ రాత్రి అన్నం తిన్నాడు, మజ్జిగ కూడా అడిగి పోయించుకున్నాడు. తెల్లారాక సంచీలో నాలుగు బట్టలు కుక్కుకుని అనకాపల్లిలో ఉన్న అక్క ఇంటికి వెళ్ళిపోయాడు.

అలిగిన మొగుడు వెళ్ళేది అక్క దగ్గరికి, అలిగిన పెళ్ళాం వెళ్ళాల్సింది తల్లి దగ్గరికి. మేనరికంలో రెండూ ఒకటే గుమ్మం. అంచేత హైమకి ఆ దారీ లేకుండా పోయింది. తల్లి ఫోన్ చేసి మరీ వాయించింది.

"నా తమ్ముణ్ణేం చేశావే? చేతికందిన కూడు నేలపాలు చేస్తావా? ఊళ్ళోవాళ్ళ మీదున్న జాలి ఇంట్లోవాడి మీద లేకపోయింది."

తల్లి అన్నది అబద్ధమైతే కదా హైమ ఎదురు చెప్పడానికి.

వేసవి వచ్చింది, వెళ్ళింది. డాక్టర్ కరుణ చెప్పినట్టే జరిగింది. ఎర్రటి ఎండలో నిలబడితే వెలుగని తెలుస్తుంది, అంతకుమించి పైడిరాజుకి ఇక ఏమీ తెలియడం లేదని తల్లే ఫోన్లో చెప్పింది. ఆ రోజు హైమ ల్యాబులో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని బిళ్ళ ముక్కనే చూస్తూ ఉండిపోయింది. అందులో ఏమీ దొరకలేదు. అప్పటికి నెలలుగా ఏమీ దొరకడం లేదు. ఊరికే కోశానా, రెంటికీ చెడ్డానా అని లోపల కుమిలిపోయింది.

చివరికి వానలు పట్టాక దొరికింది. బొట్టులోని వెలిగారం కొలిమిలో కరిగి, బిళ్ళలోని రేణువుల మధ్య సందుల్లోకి సున్నాన్ని మోసుకుపోయింది. దాంతోపాటు రవంత రాగిని కూడా. ఆ రాగి ఎక్కడిదో ఎంత తన్నుకున్నా అంతుబట్టలేదు. చౌడేశ్వరి ధర్మవరం ఫోన్ చేసి వాళ్ళమ్మని అడిగింది. అవ్వ కుంకుమ కలిపేది పాత రాగి గిన్నెలోనట. నిమ్మరసం తగిలి గిన్నె చిలుము కుంకుమలోకి దిగేది. చౌడేశ్వరి అదే పాళ్ళలో కలిపింది గానీ స్టీలు గిన్నెలో కలిపింది.

కొత్త బిళ్ళ తయారైంది. పొర పలికింది. మరో బిళ్ళ, మరో పొర. అన్నీ పలికాయి. చీటీలు తీయాల్సిన అవసరం తీరిపోయింది. వరసలో మొదటి పొర సన్నాసికి వేశారు. అతను కట్టు విప్పాక అక్కని చూసి ఏడ్చాడు. ఎల్లమ్మ, "ఏడిస్తే కుట్లు ఊడిపోతాయిరా," అని కసిరి తనూ ఏడ్చింది. హైమ ఆ పక్కనే నిలబడి ఉంది. సంతోషమే, సందేహం లేదు. అయినా ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళకుండా నేరుగా అనకాపల్లి బస్సెక్కింది.

పైడిరాజు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎదుటి ఖాళీ స్థలంలో పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. అతను చెవి అటు పెట్టి వింటున్నాడు. చెప్పుల చప్పుడు పోల్చుకున్నాడు.

"వచ్చావా. సన్నాసికి కనబడిందటగా, అక్క చెప్పింది."

"కనబడింది మావయ్యా."

"మంచిదే." మళ్ళీ ఆటవైపు చెవి పెట్టాడు. "ఇంకా ఎందరికి వేస్తారు?"

"ఎందరొస్తే అందరికీ."

"నాకు తప్ప."

"నీకు తప్ప," అంది హైమ.

లోపల తల్లి గిన్నెల చప్పుడు ఆపేసింది. వింటోందని ఇద్దరికీ తెలుసు.

"ఏడాదినించీ ఒక్కటే ఆలోచిస్తన్నాను," అన్నాడు పైడిరాజు. "కోసి, ఇంటికొచ్చి, బిళ్ళ చేతిలోంచి జారి పగిలిపోయింది మావయ్యా అని చెప్పొచ్చు కదా నువ్వు. నేనేమైనా చూడొచ్చానా? నమ్మేవాణ్ణి. నా ఖర్మనుకుని ఊరుకునేవాణ్ణి. ఉన్నదున్నట్టు మొహం మీద ఎందుకు చెప్పావు?"

దానికి జవాబు హైమ దగ్గర ఉంది. అదీ ఏడాదిగా ఉంది.

"అలా చెప్తే నమ్మేవాడివే. నమ్మి, పోన్లే ఏడవకు అని నన్నే ఓదార్చేవాడివి. నీ కన్ను నేనే తీసేసి, నీ చేత ఓదార్పు కూడా నేనే పుచ్చుకోనా మావయ్యా? కోపం తెచ్చుకునే హక్కయినా నీకు మిగలాలి కదా. ఖర్మ మీద కాదు. నా మీద."

మైదానంలో కూత ఆగి, గీత దాటాడని ఒకడూ దాటలేదని ఇంకొకడూ అరుచుకున్నారు. పైడిరాజు ఆ గొడవ తెగేదాకా విన్నాడు.

"నాకింకా కోపం పోలేదు హైమా."

"తెలుసు."

"ఇంటికొచ్చినంత మాత్రాన పోదు. పొద్దున్న లేచి కళ్ళు తెరిచి, ఏమీ కనపడనప్పుడల్లా వస్తాది."

"రానీ."

అతను అరుగు అంచు తడుముకుని లేచి నిలబడ్డాడు. ఒక చెయ్యి ముందుకి చాపాడు. ఆ చెయ్యి ఆమె భుజాన్ని వెతుక్కుని, దొరికాక గట్టిగా పట్టుకుంది. నొప్పెట్టేంత గట్టిగా పట్టుకున్నా ఆమె కదల్లేదు.

"లోపలికెళ్ళి నా బట్టలు సర్దు," అన్నాడు. "కోపం నేను తెచ్చుకుంటాను."